సబ్బు నీళ్లు అరటికి, మంచినీళ్లు చేపకి: హైదరాబాద్‌లో ఒక ఇంటి కేస్ స్టడీ

ఈ ఇల్లు హైదరాబాద్ తూర్పు శివారులో, బోడుప్పల్ వైపు ఉంది. 200 గజాల జాగా. దక్షిణం పక్కన సన్నటి ఖాళీ, వెనక చిన్న పెరడు, పైన మిద్దె తోట. ఉండేది ఐదుగురు: భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఇంటాయన తల్లి. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. బోరు ఫిబ్రవరి దాటితే ఆగి ఆగి పోస్తుంది. ఎండాకాలమంతా వారానికొక 5,000 లీటర్ల ట్యాంకర్ తెప్పించుకోవాల్సిందే. ఒకపక్క మిద్దె మీద కుండీలు ఎండుతుంటే, ఇంకోపక్క బాత్రూంల నీళ్లన్నీ డ్రైనేజీలో కలుస్తుంటే ఇంటాయనకు మనసొప్పలేదు. అక్కడిదాకా ఆయన ఆలోచన నూటికి నూరు పాళ్లు సరైనది.

ఆయన చేసిన ఏర్పాటు ఇదీ. వాషింగ్ మెషిన్ పైపును ఒక ప్లాస్టిక్ డ్రమ్ములోకి మళ్లించారు. డ్రమ్ములో కింద కంకర, మధ్యలో బొగ్గు, పైన ఇసుక. అందులోంచి కారిన నీళ్లు 1,000 లీటర్ల ట్యాంకులో పడతాయి. ట్యాంకులో చేపలు, పక్కన కంకర తొట్టిలో పాలకూర, పుదీనా. చేపల వ్యర్థం మొక్కలకు ఎరువవుతుంది, మొక్కలు శుభ్రం చేసిన నీళ్లు మళ్లీ చేపలకు వస్తాయి. ఆక్వాపోనిక్స్ పద్ధతి అదే కాబట్టి, మొదట్లో పోసేది బట్టలు ఉతికిన నీళ్లైనా మొక్కలే బాగుచేస్తాయని ఆయన నమ్మకం. చేపలు ఒకసారి చనిపోయాయి. మళ్లీ తెచ్చి వేశారు, మళ్లీ చనిపోయాయి. ఆ ఫిల్టర్ బాగుచేసి పెట్టమని నన్ను పిలిచారు. ఫిల్టర్ ఎంత బాగున్నా సబ్బు నీళ్లు వాడుకోవడం, చేపలు పెంచడం ఈ రెండు పనులూ ఒకే పైపు మీద నడవవని చెప్పడానికే మొదటి రోజంతా పట్టింది.

చేపలు ఎందుకు చనిపోయాయి

డ్రమ్ములోంచి వచ్చే నీళ్లు చూడ్డానికి బాగానే ఉన్నాయి. గ్లాసులో పడితే కాస్త మబ్బుగా తప్ప మురికి కనబడలేదు. అందుకే ఇంటాయనకు అనుమానం రాలేదు. ఇసుక పట్టుకునేది బట్టల పీచునీ మట్టినీ. నీళ్లలో కరిగిపోయినవాటిని నిమిషాల్లో దాటిపోయే ఇసుక పొర ఆపలేదు. బట్టల పౌడర్లలో నురుగు తెప్పించే పదార్థం చాలావరకు ఎల్‌ఏఎస్ అనే రసాయనం. లీటరుకు కొద్ది మిల్లీగ్రాములున్నా అది చేపల మొప్పలను దెబ్బతీస్తుంది.

లెక్క వాళ్ల ముందే వేశాను. ఒక లోడుకు 80 గ్రాముల పౌడర్ వేస్తారు. అందులో నురుగు పదార్థం నూటికి 12 పాళ్లు అనుకుంటే 9.6 గ్రాములు. అది 1,000 లీటర్ల ట్యాంకులో కలిస్తే లీటరుకు 9.6 మిల్లీగ్రాములు. అంటే ఒక్కరోజు ఉతుకు చాలు. దానికి తోడు పౌడర్‌లో సోడా ఉంటుంది కాబట్టి ఉతికిన నీళ్ల పీహెచ్ (పులుపు, క్షారం చెప్పే కొలత; 7 మధ్యస్థం, పైకి పోతే క్షారం) 9, 10 దాకా పోతుంది. ఇక్కడే ఇంకో ప్రమాదం ఉంది. చేపల వ్యర్థం నుంచి వచ్చే అమ్మోనియా పీహెచ్ 7 దగ్గర, 30 డిగ్రీల వేడిలో, నూటికి ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు. అదే పీహెచ్ 9కి పోతే దాదాపు సగం విషంగా మారుతుంది. కొత్త ట్యాంకు, అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా ఇంకా స్థిరపడలేదు, పైన సోడా నీళ్లు. చేపలు పైకి తేలి నోళ్లు తెరుచుకుని గాలి కోసం కొట్టుకున్నాయని పిల్లలు చెప్పారు. మొప్పలు దెబ్బతిన్న చేప చేసేది అదే.

రెండోసారి జరిగింది ఇంకా బాధాకరం, ఎందుకంటే ఈసారి వాళ్లు చాలా జాగ్రత్త పడ్డారు. పౌడర్ మానేశారు. ఇంటాయన తల్లి కుంకుడుకాయలు కొట్టి, గింజ తీసి, వేడినీళ్లలో నానబెట్టి రసం పిసికితే ఆ రసంతోనే బట్టలు ఉతికారు. కెమికల్ లేదు కదా, చేపలకేం కాదనుకున్నారు. కుంకుడు రసంలో నురుగునిచ్చేది సపోనిన్. మన తలకూ బట్టకూ మెత్తగా ఉండే ఆ సపోనిన్ చేప మొప్పలోని రక్తకణాలను పగలగొడుతుంది. శీకాయలోనూ ఉండేది అదే. చెరువుల్లో చేపపిల్లలు వదిలే ముందు అక్కర్లేని చేపలను చంపడానికి చేపల రైతులు ఇప్పచెక్క, అంటే ఇప్పగింజల నూనె తీశాక మిగిలే పిండి వేస్తారు. మీటరు లోతుకు హెక్టారుకు 2,500 కిలోల లెక్క. ఇప్పచెక్క పనిచేసేది కూడా సపోనిన్ వల్లనే. ఇది విని పెద్దామె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "మా ఊర్ల జాలారి నీళ్లన్నీ అరటిచెట్ల మొదట్లకే పోయేటివి బిడ్డా. చేపలు చెరువుల ఉండేటివి."

నేను చెప్పదలచుకున్నదీ అదే. సబ్బు, కుంకుడు, చెమట, నూనె, సోడా వీటన్నిటినీ అరిగించుకోగలిగేది మట్టి. గాలి ఆడే మట్టిలో సూక్ష్మజీవులు నురుగు పదార్థాన్ని కొద్దిరోజుల్లో తినేస్తాయి. చేపల ట్యాంకులో నీళ్లు తిరిగిన చోటే తిరుగుతుంటాయి. లోపలికి పోయిన ఉప్పు బయటకు పోయే దారి లేదు, రోజురోజుకూ పేరుకుంటుంది. చేపల నీళ్లు తోటకు పోవచ్చు. తోటకు పోవాల్సిన సబ్బు నీళ్లు చేపల దగ్గరికి రాకూడదు. మిగతా డిజైన్ అంతా ఈ ఒక్క మాట మీద కట్టిందే.

ఏ నీళ్లు ఎన్ని

పైపులు ముట్టుకోకముందు వారం పాటు నీళ్లు కొలిపించాను. మీటర్లు అక్కర్లేదు, బకెట్లు చాలు. పిల్లలు నోటుబుక్కులో రాసుకున్నారు. స్నానాలకు ఐదుగురివీ కలిపి రోజుకు సుమారు 150 లీటర్లు. వాషింగ్ మెషిన్ పైనుంచి బట్టలు వేసే రకం, లోడుకు 120 లీటర్లు తాగుతుంది. వారానికి నాలుగు లోడ్లు కాబట్టి రోజుకు సగటున 70 లీటర్లు. వంటింటి సింక్ 80, 90 లీటర్లు. ఆర్‌ఓ ఫిల్టర్ వదిలేసే నీళ్లు 40 లీటర్ల పైమాటే. ఏసీ నీళ్లు కాలాన్ని బట్టి: మన ఏప్రిల్ పొడి గాలిలో రాత్రంతా నడిచినా బకెట్ నిండదు, వానలు మొదలయ్యాక నిండుతుంది.

ఈ నీళ్లన్నీ ఒకటి కావు. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లను గ్రే వాటర్ (లెట్రిన్ నీళ్లు కాకుండా ఇంట్లో వాడి వదిలేసే నీళ్లు) అనడం కూడా నాకు ఇష్టం ఉండదు. ఒకప్పుడు గేదె కుడితిలో పోసిన నీళ్లవి. వాటిని ఒక గిన్నెలో పట్టి అదేరోజు మిద్దె మీద ఆకుకూరల మొదట్లో పోయొచ్చు, ఏ ఫిల్టరూ అక్కర్లేదు. గిన్నెలు తోమిన నీళ్లు దానికి పూర్తిగా వేరు. నూనె, మెతుకులు, సబ్బు కలిసి అన్నిటికన్నా తొందరగా కుళ్లేవి అవే. ఆర్‌ఓ వదిలేసిన నీళ్లలో ఇక్కడి బోరు ఉప్పంతా మరింత చిక్కబడి ఉంటుంది. బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల కొలత) 900 ఉంటే, వదిలేసినవి 1,300 పైన చూపించాయి. కుండీల్లో పోస్తే వేర్ల దగ్గర తెల్లటి పొర కడుతుంది. వాటిని ఇల్లు తుడవడానికి, లెట్రిన్ ఫ్లష్‌కు పెట్టించాను. ఏసీ నీళ్లలో ఉప్పు ఉండదు, మొక్కలకు మంచివే. కానీ రాగి గొట్టాల మీద చేరి కారిన నీళ్లు కాబట్టి చేపలకు వద్దన్నాను. రాగి చేపలకు చాలా కొద్ది మోతాదులోనే హాని చేస్తుంది.

స్నానాల నీళ్లలో క్రిములు ఉండవనుకోవడం పొరపాటు. మన బాత్రూంలలో చిన్నపిల్లల కాళ్లు, గుడ్డలు కడిగేదీ అక్కడే, ఒక్కోసారి మూత్రం పోసేదీ అక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వాడిన నీటి మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో నాలుగో సంపుటి పూర్తిగా మలవ్యర్థాలు, గ్రే వాటర్ గురించే. ఆ నీళ్లు మనిషికి తగలకుండా, తినే భాగానికి అంటకుండా చూడమన్నదే దాని సారాంశం. అందుకే ఈ ఇంట్లో ఆ నీళ్లు ఎక్కడా పైపైన పారవు, ఎక్కడా స్ప్రే కావు.

ఇంకోమాట కచ్చితంగా చెప్పాలి. వాడిన నీళ్లను డ్రమ్ములో పట్టి దాచుకోవద్దు. 24 గంటలు దాటితే అందులో గాలి అయిపోయి, కుళ్లిన గుడ్డు వాసన మొదలవుతుంది. దోమల సంగతి సరేసరి. పుట్టిన నీళ్లు పుట్టినట్టే కదిలి మట్టిలోకి దిగాలి.

కంకర మడి

ఈ ఇంటికి కలిసొచ్చింది ఏమిటంటే, లెట్రిన్ పైపు, స్నానాల పైపు వెనక గోడ మీద వేర్వేరుగా దిగాయి. ప్లంబర్లు సాయిల్ లైను, వేస్ట్ లైను అంటారు. రెండూ ఒకే పైపులో కలిసే ఇళ్లలో బాత్రూం నేల తవ్వాల్సి వస్తుంది, ఖర్చు అక్కడే రెట్టింపవుతుంది. మీ ఇంట్లో ఈ పని మొదలుపెట్టాలనుకుంటే ముందు చూడాల్సింది ఇదే.

వేస్ట్ లైను కింద మూడు దారుల వాల్వు పెట్టించాను. ఒక దారి తోటకు, ఒక దారి పాత డ్రైనేజీకి. వాషింగ్ మెషిన్ పైపుకు కూడా అలాంటిదే. బాత్రూం యాసిడ్‌తో కడిగిన రోజు, బ్లీచింగ్ వేసిన రోజు, జ్వరం వచ్చినవాళ్ల దుప్పట్లు ఉతికిన రోజు, జోరువాన రోజు హ్యాండిల్ డ్రైనేజీ వైపు తిప్పాలి. ఏ వైపు తిప్పితే ఎటు పోతాయో గోడ మీద పెయింట్‌తో తెలుగులో పెద్దక్షరాల్లో రాయించాం, పనమ్మాయికి కూడా అర్థమయ్యేలా. ఇంట్లో అందరికీ అర్థం కాని వాల్వు ఉన్నా లేనట్టే.

వాల్వు దాటాక నీళ్లు ఒక చిన్న సిమెంట్ గదిలోకి వస్తాయి. ముందు స్టీలు జాలీ, వెంట్రుకలూ పీచూ ఆగడానికి. తర్వాత ఇంగ్లీషు T ఆకారపు పైపు: నూనె పైన తేలిపోతుంది, మట్టి కింద దిగుతుంది, మధ్య నీళ్లు మాత్రమే ముందుకు పోతాయి. అక్కడినుంచి కంకర మడి. దక్షిణం పక్క ఖాళీలో 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు గొయ్యి. లోపల మందపాటి షీటు పరిచి, నీళ్లు వచ్చే వైపూ పోయే వైపూ 40 మి.మీ. రాయి, మధ్యంతా 10 నుంచి 20 మి.మీ. కంకర. నీటి మట్టం కంకర పైభాగానికి నాలుగైదు అంగుళాల కిందే ఆగేలా చివరి పైపు ఎత్తు కట్టాం. పైన నడిస్తే కాలు తడవదు. నీళ్లు కనబడవు కాబట్టి దోమ గుడ్లు పెట్టే చోటు లేదు. డెంగీ భయంతో పెద్దామె మొదట అడిగింది దీని గురించే.

కంకర మధ్య ఖాళీ నూటికి 40 పాళ్లు ఉంటుంది. ఆ లెక్కన మడిలో పట్టేది 890 లీటర్ల నీళ్లు. రోజుకు వచ్చేవి 220. అంటే లోపలికి వెళ్లిన నీళ్లు బయటకు రావడానికి నాలుగు రోజులు. దాచుకోవద్దని పైన చెప్పి ఇక్కడ నాలుగు రోజులు ఉంచడమేంటని మీకు అనిపించొచ్చు. డ్రమ్ములో నీళ్లు ఖాళీగా నిలబడతాయి. మడిలో ప్రతి రాయి చుట్టూ జిగురులా పట్టిన సూక్ష్మజీవులు, వేర్ల వెంట కిందికి దిగే గాలి ఆ నీళ్ల మీద పనిచేస్తూనే ఉంటాయి. మెట్టతామర, వట్టివేరు నాటించాను. ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు కొత్తపల్లి గ్రామంలో ఊరి వాడుక నీటికి కట్టిన మడిలోనూ మెట్టతామర, జమ్ము లాంటివే వాడారు. జమ్ము కూడా బాగా పనిచేస్తుంది కానీ ఇంటి పక్కన వేస్తే అదుపు చేయలేం. మెట్టతామర పూలూ పూస్తుంది, ఇంటావిడకు అదీ నచ్చింది.

మడి దాటిన నీళ్లు భూమిలోనే పైపు గుండా పెరట్లో ఆరు పాదుల్లోకి పోతాయి: మూడు అరటి, ఒక బొప్పాయి, ఒక కొబ్బరి, ఒక మునగ. పాదుల్లో పైపు నోరు ఎండుటాకుల పొర కింద తెరుచుకుంటుంది. అరటికి ఈ నీళ్లంటే ప్రాణం. పొటాషియం ఎంతైనా లాక్కుంటుంది, నీళ్లు ఎక్కువైనా తట్టుకుంటుంది. కరివేపాకు, మందారం, గులాబీ ఈ లైను మీద వద్దన్నాను. నీళ్లు కాస్త క్షారంగా ఉంటాయి కాబట్టి వాటికి ఇనుము అందక లేత ఆకులు పసుపురంగుకు మారిపోతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి, క్యారెట్ లాంటివి పచ్చిగా తింటాం లేదా నేలలోనే ఊరతాయి. వాటికి ఈ నీళ్లు పనికిరావు. వంటింటి సింకుకు విడిగా నూనె ఆపే గది కట్టించి, పెరటి మూల ఇంకుడు గుంతలోకి వదిలాం. గుంత చుట్టూ చేమ వేశారు.

మిద్దె మీదికి ఈ నీళ్లు ఎక్కించమని ఇంటాయన అడిగారు. ఒప్పుకోలేదు. పైకి ఎక్కించాలంటే ట్యాంకులో నిల్వ చేయాలి, మోటారు పెట్టాలి, ఆపైన కుండీలో మట్టి చాలా తక్కువ. భూమిలో అయితే వాన పడగానే ఉప్పు కిందికి కడుక్కుపోతుంది, కుండీలో వేర్ల దగ్గరే మిగిలిపోతుంది. పెరటి చెట్లు గ్రే వాటర్ మీద బతికితే, వాటికి పోసే మంచినీళ్లు మిద్దెకు మిగులుతాయి కదా. ఫలితం అదే, తలనొప్పి ఉండదు.

చేపల తొట్టి

చేపలకు రోజుకు ఎన్ని నీళ్లు కావాలో మీకు తెలుసా అని ఇంటాయనను అడిగితే వంద లీటర్లన్నారు. మూతపెట్టిన 1,000 లీటర్ల ట్యాంకు, 2 చదరపు మీటర్ల మొక్కల తొట్లు ఉన్న చోట ఎండాకాలంలో కూడా ఆవిరికీ మొక్కలకూ పోయేది 20, 25 లీటర్లే. తిరిగే నీళ్లు తిరుగుతూనే ఉంటాయి, తగ్గినంత పోస్తే చాలు. ఆ 25 లీటర్ల కోసం 220 లీటర్ల సబ్బు నీళ్లను చేప తాగగలిగేంత శుభ్రం చేయాల్సిన అవసరమే లేదు. ఈ లెక్క చూశాకే ఆయన డ్రమ్ము ఫిల్టర్ తీసేయడానికి మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారు.

ఆ 25 లీటర్లు ఎక్కడివి? మెట్ల గది పైకప్పు 12 చదరపు మీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మి.మీ. వాన పడుతుంది, నూటికి 80 పాళ్లు అందినా 7,600 లీటర్ల పైనే. తోట లేని కప్పు కాబట్టి మట్టి కలవదు. మొదటి వానను బయటికి వదిలేసి, తర్వాతివి 2,000 లీటర్ల ట్యాంకులో పట్టుకుంటారు. అవి అయిపోయాక నల్లా నీళ్లు, మూత తీసిన బకెట్లలో ఒక రోజు ఉంచి, క్లోరిన్ పోయాక. బోరు నీళ్ల కఠినత్వం ఇక్కడ ఒక విధంగా పనికొచ్చింది. బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేటప్పుడు నీళ్లలో క్షారం ఖర్చవుతుంది, పీహెచ్ మెల్లగా దిగుతుంది. వాన నీళ్లలో క్షారం ఉండదు. పీహెచ్ 6.8 కిందికి వస్తే ఒక బకెట్ బోరు నీళ్లు కలిపితే మళ్లీ నిలబడుతుంది. మొక్కలకు, చేపలకు, బ్యాక్టీరియాకు మూడింటికీ 7 అటూ ఇటూ సరిపోతుంది.

మొక్కల తొట్లలో పాత కంకర తీయించేశాను. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన తాండూరు బండ ముక్కలు అందులో కలిపారు. తాండూరు, షాబాదు బండలు సున్నపురాయి. నీళ్లలో మెల్లగా కరిగి పీహెచ్‌ను 8 దాటిస్తాయి. ముక్క మీద నిమ్మరసం పిండితే సన్నగా బుడగలు వచ్చాయి, పిల్లలు ఆ పరీక్ష ఇంట్లో ప్రతి రాయి మీదా చేసి చూశారు. వాటి బదులు నల్ల గ్రానైట్ కంకర, ఒక అడుగు లోతు.

ఏ చేప వేయాలన్న దాని మీద చర్చ జరిగింది. పిల్లలు తిలాపియా అన్నారు. తిలాపియా పెంపకానికి మత్స్యశాఖ అనుమతి కావాలి, ఇంటి తొట్టికి ఆ దారిలో వెళ్లడం నాకు సరిగా అనిపించలేదు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మన దేశంలో నిషేధం. కొర్రమీను మన రాష్ట్ర చేపే, గాలి పీల్చి బతుకుతుంది, కానీ మాంసాహారి, పెద్దది చిన్నదాన్ని తింటుంది. ఈ ఇంట్లో పెంచిన చేపను కోసుకునే ఆలోచన ఎవరికీ లేదు. చివరికి కోయి కార్ప్ వేశాం, ఇరవై లోపు చేపపిల్లలు. ట్యాంకును మిద్దె మీది నుంచి దింపి తూర్పు గోడ నీడలో పెట్టించాను. మే నెలలో మిద్దె మీద నల్ల ట్యాంకులో నీళ్లు ముట్టుకోలేనంత కాగుతాయి. వేడెక్కిన కొద్దీ నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది.

చేపలు వేయకముందే బ్యాక్టీరియా పెరగాలి. దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. బాగా నడుస్తున్న వేరే తొట్టి నుంచి ఒక బకెట్ కంకర తెచ్చి కలిపితే కొంత తొందరవుతుంది. అమ్మోనియా, అది నైట్రేట్‌గా మారేటప్పుడు మధ్యలో వచ్చే నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చి, నైట్రేట్ కనిపించాకే చేపలు. ఈ ఓపిక లేకనే చాలా ఇళ్లలో ఆక్వాపోనిక్స్ మొదటి నెలలోనే ఆగిపోతోంది. మేత విషయంలో ఆకుకూరలకు తొట్టి చదరపు మీటరుకు రోజుకు 40, 50 గ్రాములు అన్నది ప్రామాణికమైన లెక్క. చేపపిల్లలు చిన్నవి కాబట్టి 20 గ్రాములతో మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్లారు. ఎయిర్ పంపును ఇన్వర్టర్ లైను మీద పెట్టించాను. మన దగ్గర ఎండాకాలం రాత్రి కరెంటు పోతే తెల్లారేసరికి ట్యాంకులో ఒక్క చేపా మిగలకపోవచ్చు.

మిద్దె తోట చేసేవాళ్లందరికీ ఒక హెచ్చరిక. పేనుబంకకు మనం వేపనూనెలో కుంకుడు రసమో సబ్బు నీళ్లో కలిపి కొడతాం. చేపల నీళ్లు తిరిగే తొట్టి మీద ఆ పిచికారీ ఎప్పుడూ వద్దు. రెండూ చేపకు విషమే. ఇక్కడ పేనుబంక వస్తే నీళ్ల ధారతో కడగడం, చేతితో నలపడం, మరీ ఎక్కువైతే ఆ మొక్క పీకేయడం. పాలకూర ఆకులు పసుపురంగుకు మారితే ఇనుము కావాలి. ఇనుమును నీళ్లలో కరిగి ఉండేలా పట్టి ఉంచే పదార్థాల్లో, మన నీళ్ల పీహెచ్‌కు డీటీపీఏ రకం ఇనుమే అందుతుంది, ఈడీటీఏ రకం ఈ పీహెచ్ దగ్గర సరిగా పనిచేయదు.

వారానికోసారి ట్యాంకు అడుగు నుంచి పైపుతో 30 లీటర్ల మడ్డి నీళ్లు తీస్తారు. అది మిద్దె కుండీలకు పోతుంది. వంకాయ, టమాట కుండీలకు ఇంతకంటే మంచి ద్రవ ఎరువు నేను చూడలేదు. రెండు దారులు ఒకదానికొకటి అందేది ఇక్కడే, తోటలోనే.

ఏడాది నడిచాక

ట్యాంకర్ వారానికొకటి నుంచి పది రోజులకొకటికి వచ్చింది. ఖర్చు, తవ్వకం కూలీ, కంకర, షీటు, పైపులు, వాల్వులు కలిపి 40,000 లోపు అయింది. చేపల తొట్టి పాత సామానుతోనే కట్టాం. డబ్బు లెక్క మాత్రమే చూస్తే ఇది తిరిగి రావడానికి కొన్నేళ్లు పడుతుందని ముందే చెప్పాను. అరటి గెలలు వేసింది. కోయిలు బతికున్నాయి, పెరిగాయి. పాలకూర, తోటకూర, పుదీనా ఇంటికి సరిపోను వస్తున్నాయి.

ఇబ్బంది వచ్చింది భోగినాడు. ఇంటినిండా చుట్టాలు, అందరికీ నువ్వుల నూనె, నలుగుపిండి, తలస్నానాలు. సాయంత్రానికి జాలీ మీద పిండి, నూనె, వెంట్రుకలు కలిసి ముద్దలా పట్టేసి నీళ్లు వెనక్కి తన్నాయి. ఆ గది రెండు రోజులు వాసన వేసింది. ఇప్పుడు పండగ ముందురోజు వాల్వు డ్రైనేజీ వైపు తిప్పి, పండగ అయిపోయాక మళ్లీ ఇటు తిప్పుతున్నారు. మామూలు రోజుల్లో జాలీ వారానికి రెండుసార్లు కడిగితే సరిపోతోంది. మడిలో నీళ్లు దిగే చోట మొదటి అడుగు కంకర ఏడాదికోసారి తీసి కడగాలి. పనంటూ చేయాల్సింది ఈ రెండే, కానీ అవి మానేస్తే మడి మూసుకుపోతుంది.

బట్టల పౌడర్ బదులు లిక్విడ్ వాడమన్నాను. పౌడర్లలో బరువు కోసం కలిపే సోడియం ఉప్పులు లిక్విడ్‌లో తక్కువ. నా అసలు ఆందోళన సోడియం గురించే. అది మట్టి రేణువులను విడదీసి నేలను గట్టి పెంకులా చేస్తుంది, నీళ్లు ఇంకవు. ఈ ఇంటిది ఎర్ర చెలక నేల కాబట్టి ఒప్పుకున్నాను. నల్లరేగడి అయితే వాషింగ్ మెషిన్ నీళ్లు తోటకు పెట్టనిచ్చేవాణ్ని కాదు, స్నానాల నీళ్లతోనే ఆపేవాణ్ని. అరటి పాదుల మట్టిని మొదలుపెట్టే ముందు పరీక్ష చేయించాం: ఈసీ (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 0.3. ఎండాకాలం చివర 0.7కు పెరిగింది. వానలయ్యాక 0.4కు దిగింది. వాన ఉప్పును కడిగేస్తోందన్నమాట, కానీ మొదటికి రాలేదు. ఆ 0.1 తేడాను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు, అద్దె ఇళ్లవాళ్లు ఇదంతా మా వల్ల కాదని అడుగుతుంటారు. నేల లేనిచోట సబ్బు నీళ్లు పట్టుకోకండి. బియ్యం కడిగిన నీళ్లు, ఏసీ నీళ్లు కుండీలకు, ఆర్‌ఓ నీళ్లు ఇల్లు తుడవడానికి వాడుకుంటే చాలు. చిన్న అక్వేరియం ఉంటే నీళ్లు మార్చినప్పుడు వచ్చేవి కుండీలకు పోయండి.

ఈ ఇంటికి రాబోయే మే చివర మళ్లీ మట్టి పరీక్ష ఉంది. ఈసీ 1 దాటితే వాషింగ్ మెషిన్ వాల్వు వాన పడేదాకా డ్రైనేజీ వైపే ఉంటుంది, పాదుకు రెండు కిలోల చొప్పున జిప్సం వేసి మంచినీళ్లతో ఒకసారి నింపుతాం. 1 లోపే ఉంటే ఇలాగే నడుస్తుంది. ఇంటాయన పక్కింటివాళ్లు కూడా వేయించుకుంటామంటున్నారు. వాళ్లను ముందు వారం పాటు బకెట్లు లెక్కపెట్టమన్నాను, వేస్ట్ లైను ఎటు దిగిందో ఫోటో పంపమన్నాను.